తపసుమాను కింద గొంతు

పద్యం పాడమన్నప్పుడే కుప్పయ్యకు అనుమానం పుట్టింది.

ఆయాసానికి మందిమ్మని పోతే, దొరస్వామి డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి, "మానెక్కేటప్పుడు పాడే పద్యం అందుకో కుప్పయ్యా" అన్నాడు. కార్వేటినగరం చుట్టుపక్కల తాతలకూ మనవళ్ళకూ సూదులేసిన చెయ్యి ఆయనది. మెడలో తులసిమాల, ఆస్పత్రి వెనక గదిలో హార్మోనియం. ఏ ఊళ్ళో భజన జరిగినా ముందు వరసలో ఉంటాడు. అట్లాంటి మనిషి, కుప్పయ్య ఆస్పత్రికి పోయినప్పుడల్లా పద్యం పాడించుకున్నాడు. కడాన, "ఈ ఏడు మానెక్కవద్దు" అని మాత్రలు చేతిలో పెట్టాడు.

ధర్మరాజుల తిరునాళ్ళలో అర్జునుడి వేషం కుప్పయ్యది. అంతకుముందు వాళ్ళ నాయనది. అర్జునుడు శివుడి కోసం తపస్సు చేసే ఘట్టం ఆడే తపసు నాడు, పొలంలో నాటిన తాటిమాను మీదికి మెట్టుకొక పద్యం పాడుతూ ఎక్కాలి. పైనుంచి నిమ్మకాయలు, విబూది విసరాలి. బిడ్డలు లేని ఆడవాళ్ళు కింద తడిబట్టలతో, వరం కోరి నేలమీద సాగిలబడి ఉంటారు. ఆ వేషం పోతే కుప్పయ్య ఊళ్ళో ఉత్త కుప్పయ్యే.

మళ్ళీ ఆస్పత్రికి పోతే వెనక గదిలో హార్మోనియం మోగుతోంది. డాక్టరు పాడుతున్నది తన పద్యమే, నాయన నేర్పిన సాగదీతతో సహా. కుప్పయ్య వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

"నా వేషానికి ఎసరు పెట్టినాడే ఆ డాక్టరు" అన్నాడు ఇంటికొచ్చి.

"ఆ పొట్టేసుకోని మానెక్కతాడా?" అని నవ్వింది భార్య నాగులమ్మ.

"గొంతుండాది కదా. నిన్న ఆట నేర్పే వాద్దేరుతో గుసగుసలాడతా ఉన్నాడు. నన్ను సూసి ఇద్దరూ నోరు మూసుకున్నారు."

"మాత్ర మింగినావా?"

"గొంతు ఎండబెట్టేదానికి ఇచ్చినాడేమో, ఎవురికి తెలుసు?" అంటూ మాత్రలు చూరులో దోపేశాడు.

తపసు నాడు కిరీటం పెట్టుకుని వచ్చేసరికి మాను మొదట్లో డాక్టరు చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు.

"చెప్పినా వినవే."

"నా మాను, నేనెక్కతా."

సగం దాకా బాగానే ఎక్కాడు. ఆ పైన రొమ్ము బిగుసుకుంది. పద్యం నడుమ తెగింది. తాళాలు ఆగిపోయాయి. పద్యం లేకుండా కాలు లేపకూడదు. పాడలేనివాడు దిగిపోవాలి.

తెగిన చోటనే కిందినుంచి గొంతొకటి అందుకుంది. డాక్టరు! కుప్పయ్యకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ గొంతు ముందుకు పరుగెత్తలేదు. ఆయాసం తీరేదాకా రాగంలోనే నిలబడింది. కుప్పయ్య కాలు పైమెట్టు మీద ఆనినాకనే మరో పద్యం ఎత్తుకుంది.

"నువ్వు పాడొద్దప్పా, ఎక్కు!" అని అరిచాడు వాద్దేరు.

కుప్పయ్య నోరు మూసుకుని ఎక్కాడు. నిమ్మకాయలు విసిరాడు.

దిగగానే డాక్టరు నాడి పట్టుకున్నాడు. "మాత్రలు మింగలేదు కదా?"

"నా పద్యం యాడ నేర్చినావు సామీ?"

"నీ రొమ్ము మీద గొట్టం పెట్టే. వద్దంటే నువ్వు ఆగవని తెలుసు. ఎక్కేదానికీ పాడేదానికీ రెండిటికీ నీకాడ ఊపిరి లేదు. పాటన్నా నేను మోస్తానని వాద్దేరును అడుక్కున్నా."

"వచ్చే ఏడు మాను గూడా ఎక్కతావేమో?"

"నాకు మిద్దె ఎక్కితేనే కండ్లు తిరగతాయబ్బా!"

నాగులమ్మ కొంగుముడి విప్పి, చూరులోనుంచి తెచ్చిన మాత్ర తీసింది, నీళ్ళ చెంబు అందించింది. కుప్పయ్య మింగాడు. మింగుతూనే, డాక్టరు చూపు మాను మీదికి పోతుందేమోనని ఓరగా కనిపెట్టాడు.

ఒకసారి పోయింది.