రమ్మనని గొంతు

కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు పూర్తిగా ఆగకముందే లోహిత రెండు చెవులూ మూసుకుని మంచం కిందికి దూరింది.

"అత్త వస్తాది మేడం! కరెంటు మగ్గాలు ఆగితే వస్తాది!"

"ఇది నగరి కాదు, తిరపతి ఆస్పత్రి. ఈడ మగ్గాల్లేవు." డాక్టర్ ఉదయలక్ష్మి కూడా నేలమీద కూర్చుంది. అడిగిన ప్రతిదానికీ పక్క వాటాలో ఉండే తోటికోడలు వసంతమ్మే జవాబు చెబుతుంటే, ఆమెనూ లోహిత మొగుడు మునికుమార్‌నూ ముందే బయటికి పంపింది.

"చచ్చిపోవాలని ఉందా?" సూటిగానే అడిగింది. అడిగినందువల్ల పుట్టే ఆలోచన కాదది.

"ఊఁ."

"ఎప్పుడనేది అనుకున్నావా?"

"శుక్రవారమని అత్త చెప్పింది."

రేపే. అత్త పోయి ఏడాదైంది.

"ఇన్నాళ్లూ నిన్ను ఆపిందేది?"

"మా పాప."

ఉదయలక్ష్మి లేచి తలుపు ఓరగా తీసింది. "ఇంటికి పంపను. పక్కనే ఒకరుండాలి, కన్ను తిప్పకుండా."

"మంత్రం వేయిస్తే దిగిపోతాది మేడం, ఇంటికి పంపే కాగితంమీద సంతకం పెట్టండి," అన్నాడు మునికుమార్.

"నువ్వూరుకోప్పా! నేనుంటా మేడం, నా చెల్లెలి మాదిరి." వసంతమ్మ చంకలో లోహిత మూడేళ్ల పాప. వసంతమ్మకు పిల్లల్లేరు.

తలుపు మళ్లీ మూసింది. "ఇప్పుడు వినిపిస్తోందా?"

లోహిత చేతులు తీసి విన్నది. "లేదే! ఇంట్లో అయితే కరెంటు పోతానే గోడలోనుంచి వస్తాది. మగ్గాలు ఆడేటప్పుడు రాదు."

ఉదయలక్ష్మి మళ్లీ నేలమీద కూర్చుంది. చప్పుడులో గొంతులు అణగడం కొందరు రోగులకు ఉన్నదే. కానీ ఈ నిశ్శబ్దంలో ఎందుకు రాలేదు?

"ఏమంటాదో ఉన్నదున్నట్టు చెప్పు."

"'నువ్వు పో లోహితా, పో. పాపని నేను సాకుతా' అంటాది."

"రా అనదా?"

"ఎప్పుడూ అనలే."

చచ్చినవాళ్లు పిలిస్తే రమ్మంటారు. పొమ్మనేది ఇవతల ఉన్నవాళ్లే.

"ఆ గోడకు అవతల ఏముంది?"

"వంటిల్లు. మా పక్క వాటాది."

అప్పుడే తలుపు బయట ఎవరో పాపను సన్నగా బుజ్జగించారు: "ఏడవద్దమ్మా, నిన్ను నేను సాకుతా."

లోహిత ఈసారి చెవులు మూసుకోలేదు. మంచం కిందనుంచి మెల్లగా బయటికొచ్చి, ఉదయలక్ష్మి చెయ్యి గట్టిగా పట్టుకుని, తలుపు అవతలికి వినపడేటట్టు అన్నది:

"అత్త కాదు మేడం. మా అక్క. వసంతక్క!"