తడి ఆరని పతకం

తెల్లారగానే గుండీలమ్మ చేసే మొదటి పని, తలుపు పక్కన మేకుకి వేలాడే పతకం కింది గిన్నె తీసి నీళ్లు పారబోయడం. ఆ తర్వాతే కుట్టుమిషన్‌కి నూనె, ఆ తర్వాతే తన మొహాన నీళ్లు. ఆవిడ కుట్టిన గుండీ, గుడ్డ చిరిగినా ఊడదని పేరు. దారానికి మైనం పూసి, కుట్టి, అడుగున బిగించి ముడేస్తుంది. అందుకే వీధంతా ఆవిడని గుండీలమ్మ అంటారు. ఆ పేరంటే ఆవిడకి ఒకప్పుడు గర్వంగా ఉండేది.

పతకం కూతురిది. పోయిన చలికాలం కాలవలో కొట్టుకుపోతున్న కుక్క కోసం దూకి, దాన్ని గట్టెక్కించి, తను మాత్రం రాలేకపోయింది. జంతు రక్షణ సంఘం వాళ్లు సభ పెట్టి సాహస పతకాన్ని తల్లి చేతిలో పెట్టారు. పెట్టిన క్షణం నుంచీ అది నీళ్లు కారుస్తూనే ఉంది. "కాలవ పతకాలు ఇంతేనండి, కింద ఏదైనా పెట్టుకోండి," అన్నాడు కార్యదర్శి, జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటూ. పక్కింటి పిన్నయితే, "ఆ బుల్లి గిన్నె ఏ మూలకే," అని వెడల్పుది తెచ్చిచ్చింది కూడా.

ఇరుకిల్లు, రెండో మేకుకి చోటు లేదు. గుండీలమ్మ చలికోటు కూడా పతకం కిందే వేలాడేది. కూతురికీ తనకీ ఒకే తానులోంచి కుట్టిన జంట కోట్లలో మిగిలింది అదే. ముందు భాగమంతా తడిసి ముద్దయినా అలాగే వేసుకుని తిరిగేది. చలి వేస్తే వెయ్యనీ అనుకునేది.

కుక్కని చూస్తే మాత్రం ఒళ్లు మండేది. "అమ్మాయి కాపాడిన ప్రాణం, వీధిపాలు చేస్తామా?" అంటూ దాన్ని భర్త ఇంటికి తెచ్చాడు మరి. "నా పిల్లని మింగింది," అని నలుగురిలో దాన్ని తిట్టిపోసేది ఆవిడ. కానీ లోపల తినేస్తున్నది వేరు. కూతుర్ని ఒడ్డుకి తెచ్చినప్పుడు చూసింది. కోటు నీళ్లు తాగి రాయిలా ఉంది. పైనుంచి కిందిదాకా గుండీలన్నీ బిగిసి ఉన్నాయి. చిన్నదానికి ఈత రాక కాదు, ఈ కాలవలోనే తనే నేర్పింది. ఆ గుండీల మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే బాగుండుననీ, ఎత్తితే చచ్చిపోతాననీ అనిపించేది.

ఒక పొద్దున, భర్త పనికి వెళ్లగానే, కోటు తొడుక్కుని కుక్క మెడపట్టీకి తాడు కట్టింది.

"ఎక్కడికే, దాంతో?" అంది పిన్ని గుమ్మంలోంచి.

"కాలవ అవతల వదిలేసొస్తా."

"దానికి కాలవంటే భయం కదే!"

"నాకు లేదా?"

వంతెన మధ్యలో కుక్క కింద నీళ్లు చూసి గింజుకుంది. తాడు చేతిలోంచి జారింది. కాళ్లు పట్టు తప్పి కమ్మీల సందులోంచి కాలవలో పడిపోయింది. పీడ విరగడైందని వెనక్కి తిరిగిపోవచ్చు, చుట్టుపక్కల ఎవరూ లేరు. కుక్క ఒకసారి మునిగి తేలి, ఆవిడ వైపే చూసింది. కూతురు ఆఖరిసారి చూసిన కళ్లు అవే.

"ఓసి దిక్కుమాలినదానా!" అంటూ దూకేసింది.

మెడపట్టీ చేతికి దొరికింది. ఈలోగా కోటు నీళ్లు తాగి, భుజాలు పట్టి కిందికి లాగడం మొదలెట్టింది. చిన్నదానికి ఏం జరిగిందో ఆవిడ ఒంటికి తెలిసొచ్చింది. తన కుట్టు సంగతి తనకి తెలుసు. అయినా గుండీ పట్టుకుని లాగింది. ఊడొచ్చింది. ఇంకోటి లాగితే అదీ ఊడొచ్చింది. ఇన్నాళ్లూ పతకం కార్చిన నీళ్లకి దారాలన్నీ చివికిపోయి ఉన్నాయి. కోటు తెరుచుకుని, చేతుల్లోంచి జారి, అడుక్కి పోయింది.

ఒడ్డున కుక్కని ఒళ్లో వేసుకుని, గుప్పిట్లో మిగిలిన గుండీని చూసి భోరుమంది. "దానికెందుకు ఊడలేదే!"

సంఘం వాళ్లు ఆవిడకీ పతకం ఇస్తామన్నారు. ఇంట్లో ఉన్నది చాలంది. అది ఇప్పటికీ కారుతూనే ఉంది. కుక్క ఇంట్లోకొచ్చి ఆ గిన్నెలోనే నీళ్లు తాగుతుంది. ఎవరి కోటు కుట్టినా కొన్నాళ్లు ఆ మేకుకి తగిలించి, గుండీల వరస బాగా నానాకే ఇస్తుంది.

"ఏంటి గుండీలమ్మా, పట్టుకుంటే గుండీలు చేతికొచ్చేస్తున్నాయి?" అని ఎవరైనా పోట్లాటకొస్తే, మిషన్ మీంచి తలెత్తదు.

"రావాలి," అంటుంది.