తప్పు చేసినవాడే ముందు

సంఘపెద్ద కాగితం చదువుతున్నాడు. చర్చి వెనక బడిగదిలో పాకలు కాలిపోయిన నలభై మంది చాపల మీద కూర్చుని వింటున్నారు.

"పొయ్యిలోంచి లేచిన నిప్పురవ్వ వల్ల పాకలు అంటుకున్నాయి. ఇందులో ఎవరి దోషమూ లేదు. పని ఆపి యాజమాన్యానికి ఆగ్రహం కలిగించినందుకు మేము పశ్చాత్తాపపడుతున్నాము."

పొయ్యిట! ఆ మధ్యాహ్నం ఆ వాడలో ఒక్క పొయ్యీ వెలగలేదు. క్వారీలో సమ్మె మొదలై అప్పటికి పన్నెండు రోజులు, వండుకోవడానికి ఎవరింట్లోనూ గింజ లేదు. సైరన్ మోగించకుండా రాయి పేల్చి కాంట్రాక్టరు ఇద్దరి ప్రాణాలు తీస్తే జనం పని ఆపారు. అందరూ క్వారీ గేటు ముందు బైఠాయించి ఉండగా వెనక పాకలు తగలబడ్డాయి. నలుగురు పోయారు. తమ పాకలు తామే కాల్చుకున్నారని పదకొండు మందిని పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు. కాల్చిందెవరో పసిపిల్లనడిగినా చెబుతుంది. కళ్ళారా చూశానని చెప్పే మనిషే లేడు.

పోయిన నలుగురిలో సమ్మెటక్క మొగుడొకడు. మగవాళ్ళతో సమానంగా సమ్మెట ఎత్తి బండ పగలగొడుతుందని ఆమెకా పేరు. జైల్లో ఉన్న పదకొండు మందిలో ఆమె తమ్ముడొకడు. తల్లి పోయాక ఆమే పెంచింది వాణ్ణి.

ఆదివారం చర్చిలో రొట్టె విరిచే ప్రభువు బల్ల ముందు ఆమె ఈ మాటలు చెప్పి, కాంట్రాక్టరుతో చెయ్యి కలిపితే కేసు ఎత్తేస్తారట. పదకొండు మందీ సాయంత్రానికల్లా ఇంటికొస్తారట, సోమవారం అందరూ మళ్ళీ పనిలోకి దిగాలట. సంఘపెద్ద ఈ శుభవార్త చెప్పి, కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు. ఈ మహానుభావుడు వారానికి ఆరు రోజులు క్వారీలో కాంట్రాక్టరుకి గుమాస్తా, ఏడో రోజు చర్చిలో మనకి పెద్ద.

ఆయన గడప దాటగానే గది భగ్గుమంది. చెప్పెయ్యమని కొందరు, చెప్పొద్దని కొందరు. దీనికి తలూపితే రేపు ఎవడి మీద బండ పడినా మన పొయ్యిదే తప్పంటారని ఒంటికన్ను తాత అరిచాడు. జైల్లో నీ కొడుకున్నాడా, నీ మనవడున్నాడా, ఎన్నయినా చెబుతావని ఆడవాళ్ళు ఆయన మీద విరుచుకుపడ్డారు. బయటికెళ్ళి మాట్లాడుకుందామంటే చర్చి గేటు దగ్గర పోలీసులు. మీ రక్షణ కోసమేనంటారు, నీళ్ళకెళ్ళినా వెంట వస్తారు. పోనీ ఎక్కడికైనా పోదామంటే ఇళ్ళు లేవు. ఉన్న నీడ చర్చిది, ఆ చర్చి గోడల రాయి కాంట్రాక్టరుది.

బండకి బెజ్జాలేసే డ్రిల్లరు కూడా జైల్లో ఉన్నవాళ్ళలో ఒకడు. చివరికి ఆ డ్రిల్లరు తల్లి సమ్మెటక్క దగ్గరికి జరిగి రెండు చేతులూ పట్టుకుంది. సమ్మెటక్క మొగుడు మంటల్లోకి పరిగెత్తి బయటికి మోసుకొచ్చింది ఈ ముసలమ్మనే. ఇంకొకరి కోసం మళ్ళీ లోపలికెళ్ళినవాడు తిరిగి రాలేదు.

"నీ ఇంటి దీపం నావల్ల ఆరిపోయిందని నాకు తెలుసు తల్లీ. అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నా. నా కొడుకుని ఇంటికి రానియ్యి."

ఇక సమ్మెటక్క ఏమంటుంది? సరే పెద్దమ్మా అంది.

శనివారం పాస్టరుగారు వచ్చారు. మంచివాడే, జ్వరమొస్తే మాత్రలు తెచ్చిచ్చే మనిషి. గాయం మానాలంటే క్షమించాలమ్మా అన్నారు.

"క్షమించడానికి నాకేం కష్టం లేదయ్యగారూ. ఏం చేశాడని క్షమించాలో, అదొక్కటి ఆయన్ని చెప్పమనండి."

ఆయన ఆమె మొహంలోకి చూడలేక ప్రార్థన కూడా చెయ్యకుండా వెళ్ళిపోయారు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ముందు బెంచీ మీద తెల్లబట్టల్లో కాంట్రాక్టరు, పక్కన ఇన్‌స్పెక్టరు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. బల్ల మీద రొట్టె, దాని మీద తెల్లగుడ్డ.

ఆ చర్చిలో ఒక పద్ధతుంది. రొట్టె విరిచే ముందు తగవున్నవాళ్ళు లేచి నిలబడాలి. తప్పు చేసినవాడు ముందు తన నోటితో తను చేసింది చెప్పాలి, రెండోవాళ్ళు ఆ తర్వాత క్షమించాలి. అప్పటిదాకా ఎవరూ తినరు. ఒకసారి కుళాయి దగ్గర బిందె తన్నిన ఆడమనిషి ఒప్పుకునేసరికి మిట్టమధ్యాహ్నమైంది, జనం ఆకలితో ఆమెని తిట్టుకుంటూనే కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా లేచి ఒప్పుకున్నవాళ్ళంతా కూలీనాలీ జనమే.

సంఘపెద్ద సైగ చేశాడు. సమ్మెటక్క ముందుకెళ్ళింది. చదువు రాదు, మాటలు కంఠతా పట్టింది. పొయ్యి అనబోయింది. తమ్ముడు కళ్ళ ముందు మెదిలాడు. రాత్రంతా వాణ్ణే తలుచుకుని ఏడ్చింది, ఇప్పుడూ ఏడుపే వచ్చింది. కళ్ళు తుడుచుకుని కాంట్రాక్టరు వైపు తిరిగింది.

"ఇక్కడి పద్ధతి మీకు తెలీదేమో. తప్పు చేసినవాడే ముందు చెప్పాలి. చెప్పండి. నేను నిలబడే ఉంటాను."

కాంట్రాక్టరు సంఘపెద్ద వైపు చూశాడు. పదకొండు కొంపలు కూలుస్తున్నావు, చూసుకో అని ఇన్‌స్పెక్టరు ఆమెని బెదిరించాడు. ఆ మాట నిజమే, అయినా ఆమె అక్కణ్ణించి కదల్లేదు.

అప్పుడు వెనక నుంచి కర్ర చప్పుడైంది. డ్రిల్లరు తల్లి నడిచొచ్చి సమ్మెటక్క పక్కన నిలబడింది.

"నా కొడుకు లోపలే ఉండనీ. నన్ను మోసినవాడి చావు మీద అబద్ధమాడి వాణ్ణి తెచ్చుకోను."

ఒంటికన్ను తాత లేచాడు. బడిగది ఆడవాళ్ళు లేచారు. పాకలు కాలని పైవాడ వాళ్ళు, నిన్నటిదాకా మనకెందుకొచ్చిన గొడవ అన్నవాళ్ళు, వాళ్ళూ లేచారు. ఎవరూ అరవలేదు. మూడొందల మంది నిలబడి కాంట్రాక్టరు నోటి వైపు చూస్తున్నారు.

నోరు విప్పింది కాంట్రాక్టరు కాదు. పాస్టరుగారు వేదిక దిగి, తప్పు ఒప్పుకునేవాళ్ళు నిలబడే చోటికి వచ్చారు.

"ముందు చెప్పాల్సింది నేను. ఆ మధ్యాహ్నం గంట తాడు మార్చడానికి గోపురం ఎక్కాను. పాకల పక్కన ఆగిన జీపు చూశాను. కిరసనాయిలు డబ్బాలు దింపినవాళ్ళని చూశాను, వాళ్ళలో ఈ కాంట్రాక్టరుగారి మేనల్లుడున్నాడు. గోడలకి రాయిచ్చిన మనిషని నోరు కుట్టేసుకున్నాను. ఆ నిప్పులో నాకూ పాలుంది."

చర్చి అట్టుడికిపోయింది. పాకలు కాలి ఆరు వారాలు! ఆరు వారాలుగా ఈ మనిషి తమకి ఓదార్పు మాటలు చెబుతున్నాడు. సమ్మెటక్కకి ఆయన్ని అక్కడే పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. పళ్ళు బిగబట్టింది.

"మిమ్మల్ని క్షమించే సంగతి తర్వాత చూద్దాం అయ్యగారూ. ఈ మాట కోర్టులో చెబుతారా?"

చెబుతానన్నారు. మాట పూర్తి కాకముందే ఇన్‌స్పెక్టరు ఆయన జబ్బ పట్టుకున్నాడు. శాంతికి భంగమన్నాడు, సమ్మెటక్కనీ పట్టుకోమన్నాడు. ఇద్దర్నీ వ్యాను ఎక్కించారు. వ్యాను కదిలితే దాని వెనకే జనం కదిలారు. డ్రిల్లరు తల్లి కర్ర ఊతంగా అందరికంటే ముందు నడిచింది. చీకటిపడేదాకా స్టేషను ముందు కూర్చుని, తాము విన్నది విన్నట్టు రాసి, మూడొందల మందీ ఒకరి తర్వాత ఒకరు వేలిముద్రలు వేశారు.

ఆ ఆదివారం ఆ చర్చిలో రొట్టె విరవలేదు. సోమవారం ఆ క్వారీలో రాయి పగలలేదు.