ఎడమ చేతి మచ్చలు

“నిండు చేతుల జాకెట్టు వేసుకో. సాయంత్రం మా అక్కావాళ్ళు వస్తున్నారు. ఆ మచ్చలు చూసి ఏమనుకుంటారు?” అన్నాడు మొగుడు, గిన్నెలు తోముతున్న ఆమె ఎడమ చెయ్యి వంక చూసి.

ఏమనుకుంటారట? మోచేతి మడతలో కమిలిన ఆ చుక్కలు దొంగతనం చేస్తే వచ్చినవా? రక్తపరీక్షల ల్యాబులో సూది గుచ్చే పని ఆమెది. ఎవరికీ దొరకని నరం ఆమె వేలికి దొరుకుతుందని పేరు. కొత్తగా ఎవరు చేరినా మొదటి పాఠం ఆమె చేతి మీదే. “నీ చెయ్యి కాస్త ఇవ్వమ్మా, నీకు నరం బాగా కనిపిస్తుంది” అనేవాడు యజమాని, అగ్గిపెట్టె అడిగినంత తేలిగ్గా. ఆమె ఇచ్చేది. వాళ్ళు వణుకుతూ గుచ్చేవాళ్ళు, తప్పితే మళ్ళీ గుచ్చేవాళ్ళు. ఆమె పంటి బిగువున “పర్లేదు, సూది ఇంకాస్త వాల్చి పట్టుకో” అనేది. అలా నేర్చుకున్నవాడొకడు ఆమెకే ఇన్‌చార్జి అయ్యాడు. అతను పోతే ఇంకొకడు అయ్యాడు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం లోకంలో ఉన్నదే. వీళ్ళు తగలెయ్యను కూడా లేదు, తర్వాతివాడి కోసం ఒడ్డున కట్టి ఉంచారు.

ఇంట్లో చెప్పుకుంటే, “నీకెందుకే ఆ పెత్తనాలు, వేళకి ఇంటికొస్తున్నావు చాలదూ” అంది అత్తగారు. కిందటేడు నర్సింగు స్కూలు ప్రిన్సిపాలు పిల్లలకి ల్యాబు చూపించడానికి వచ్చి, ఆమె చెప్పే తీరు చూసి, మా దగ్గర నేర్పడానికి వస్తారా అని అడిగింది. మొగుడు విని నవ్వాడు. “నువ్వు పాఠాలు చెప్పడమేంటి? అయినా అంత దూరం పోతే ఇంట్లో పని ఎవరు చేస్తారు?” అతనితో పాటు తనూ నవ్వేసింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండిపోతోంది. ఇన్నేళ్ళూ తను చేసింది పాఠం చెప్పడం కాక మరేమిటి? దానికి జీతం లేదు, పేరు లేదు. మిగిలినవి మచ్చలు, వాటినీ దాచుకోవాలట!

పొట్టి చేతులదే వేసుకుని ల్యాబుకి బయల్దేరింది. దారిలో ప్రిన్సిపాలుకి ఫోన్ చేసింది. “ఇంకా ఎవరినీ తీసుకోలేదు, ఎప్పుడొస్తారు?” అంది ఆవిడ.

ల్యాబులో యజమాని తన బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. కొత్త ఇన్‌చార్జి అట. ఈసారి ఆ కుర్చీ నీదేనని మొన్నటిదాకా ఆమెతో అన్నది ఈయనే. “నీ చెయ్యి కాస్త ఇవ్వమ్మా, మావాడికి నేర్పెయ్యి.”

ఆమె రబ్బరు పట్టీ తీసి బావమరిది మోచేతి పైన కట్టబోయింది. అతను చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. “నొప్పి పుడుతుందేమో,” అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె చేతి గురించి ఎవరూ అనలేదు.

పట్టీ బల్ల మీద పెట్టేసింది. “ఈ నెలాఖరుకి మానేస్తున్నాను సార్. నర్సింగు స్కూల్లో నేర్పడానికి చేరుతున్నాను.”

“మరి మావాడు ఎవరి చేతి మీద నేర్చుకుంటాడమ్మా?”

ఆమె ఆయన చెయ్యి వంక తీరిగ్గా చూసింది. “మీది ఇవ్వండి సార్. నరం బాగా కనిపిస్తోంది.”