కోతపండుగలో సీసా

నవంబరు మూడో ఆదివారం పగలు పదకొండు గంటలకు, కోయిలకుంట్ల దగ్గరి ఒక పల్లె చర్చిలో జీవిత అనే యువతి పరిశోధన సీసాను వేలానికి పెట్టారు.

జీవిత కడపలో కెమిస్టు. భూమ్మీద ప్రాణి పుట్టకముందు, ప్రాణికి కావలసిన సరుకు ఎలా తయారైందన్నది ఆమె పరిశోధన. అమైనో ఆమ్లాలను రాతిపొడిలో కలిపి తడిపింది, ఎండబెట్టింది, మళ్లీ తడిపింది. అవి గొలుసుగా అతుక్కున్నాయో లేదో చెప్పే యంత్రం హైదరాబాదులో ఉంది. ఆ పొడిని సీసాలో పెట్టుకుని అక్కడికి పోతూ, దారిలో ఈ పల్లెలోని తమ ఇంట్లో దిగింది.

కోతపండుగకు ఎవరి కష్టంలో మొదటిది వాళ్లు బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలంపాట పాడుకుంటారు. జీవిత తలస్నానం చేస్తుండగా వాళ్ల నాయన లేవి జొన్నకంకులతో పాటు సీసానూ గంపలో పెట్టుకుపోయాడు.

ఆమె తడిజుట్టుతో పరుగెత్తేసరికి సీసా గిడ్డమ్మ చేతిలో ఉంది. ఆ ముసలామె మూత మీద వేళ్లు పెట్టింది.

"మోకాలికి పూసుకునేదేనా ఇది?"

"అవ్వా, తియ్యొద్దు! చెయ్యి తగిలితే మన చెమట కలుస్తాది. మూడేండ్ల పని పోతాది. నాయినా, ఎంత పని చేసినావు!"

"నీ మొదటి జీతం గూడా ఈడే పెడితిమి కదమ్మా," అన్నాడు లేవి.

"పీఠం ముందు పెట్టింది వెనక్కిచ్చేది లేదు. పాడుకో," అన్నాడు పాస్టరు ఏసుబాబు.

జీవిత పాడింది. గిడ్డమ్మ పెంచింది. జీవిత ఇంకా పెంచింది. గిడ్డమ్మ తగ్గలేదు.

"ఇంతకీ ఏముండాది పాపా ఇందులో?" అని అడిగింది ముసలామె.

"మన ఒళ్లు అయ్యింది ఏ సరుకుతోనో, అది మట్టిలో, ఎండకూ వానకూ దానంతట అదే అయితాదా అని చూస్తాండా."

లేవి పాస్టరు ముఖం వైపు చూశాడు.

"దేవుడు మనల్ని మట్టితోనే చేసినాడని మాకు చిన్నప్పటి నుంచి చెప్తానే ఉండారు గదా," అంది గిడ్డమ్మ. "దీనికి ఇంత సదువు సదవల్లనా?"

ముందు నవ్వింది పాస్టరే. తరువాత చర్చి అంతా నవ్వింది. లేవి కండువాతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

జీవిత దగ్గరున్న డబ్బు చాలక, పాట గిడ్డమ్మకే కొట్టారు. ఆమె సీసాను తెచ్చి జీవిత చేతిలో పెట్టింది.

"ఇది నాది. నువ్వు సూసేదానివి మాత్రమే. ఏమొచ్చినా ముందు నాకు చెప్పల్ల."

హైదరాబాదులో తెరిచేదాకా మూత కదల్లేదు. బుధవారం సాయంత్రం యంత్రం ఫలితమిచ్చింది. నాలుగు అమైనో ఆమ్లాల గొలుసు కనిపించింది. జీవిత మొదటి ఫోను గిడ్డమ్మకు చేసింది. రెండోది తన పరిశోధన గైడుకు.