వెదురుకు రెండో చివర

సియానో కాఫీ తాగుతూ కూర్చున్నందువల్లే ఇసింగ్ చచ్చిపోయింది. ఇందులో తెబాన్‌కు అనుమానం లేదు. ఎవరికైనా ఉంటే వాళ్ళతో అతనికి పని లేదు.

పొద్దున ఆరుగంటల పడవ ఇలోయిలో నగరపు పరోలా రేవు మెట్లకు ముక్కు ఆనించింది. పలక గరగరమంటూ జారి మెట్టు మీద పడింది. తెబాన్ వెదురుబొంగు ఒక చివరను కుడిభుజం మీదికి ఎత్తుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. రెండో చివర పడవలో ఉన్న మనిషి చేతుల్లో ఉంటుంది. ఆ బొంగును పట్టుకునే జనం జానెడు వెడల్పు పలక మీదుగా దిగుతారు. గిమరాస్ దీవి నుంచి మామిడిపళ్ళ గంపలు దిగాయి. కాళ్ళు కట్టిన కోళ్ళు దిగాయి. చెప్పులు చేత్తో పట్టుకుని పంతులమ్మలు దిగారు. అందరి చేతుల బరువూ బొంగు మీదుగా తెబాన్ భుజంలోకి దిగింది. పడవ అలకు లేచినప్పుడల్లా అతని మోకాళ్ళు వాటంతటవే వంగుతాయి, వాటంతటవే లేస్తాయి. వాటికి చెప్పనక్కర్లేదు.

అరవై రెండేళ్ళ మనిషి. కుడిభుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళ మందం కిందికి వాలి ఉంటుంది. దాని మీద అరచేయంత కాయ కాసింది. చొక్కాలన్నీ ఆ వైపే చిరుగుతాయి. మాసికలు తనే వేసుకుంటాడు, మందపు దారంతో, అడ్డదిడ్డంగా. రేవులో అతణ్ణి ఎవరూ పనిగట్టుకుని చూడరు. గోడను ఎవరు చూస్తారు?

ఇవాళ రెండో చివర పట్టుకున్నవాడు రోమెల్. పడవలో తాళ్ళూ లంగరూ చూసుకునే మనిషి. నలభై దాటినా నోరు ఊరుకోదు.

“కాస్త నెమ్మది బాబాయ్. సియానో మామకున్న ఒడుపు నాకెక్కడ వస్తుంది?”

“ఒడుపేముంది ఇందులో? పట్టుకోవడమేగా.”

“మరి పడవ నడిపే మనిషి ఇంజను దగ్గర కూర్చోక, ఈ రేవుకొచ్చినప్పుడల్లా ముందుకొచ్చి బొంగెందుకు పట్టేవాడట? అది నా పని. నేను చెయ్యేస్తే, ‘పోరా, పోయి తాడు చూసుకో’ అనేవాడు. నీ ముఖం చూడకపోతే ఆయనకు పొద్దుపోయేది కాదేమో!”

తెబాన్ బొంగును భుజం మీద సర్దుకున్నాడు.

పందొమ్మిదేళ్ళు ఆ బొంగుకు ఇటు తెబాన్, అటు సియానో. రోజుకు ఎనిమిదిసార్లు. మాట లేదు, చూపు లేదు. అల ఎంత ఎత్తు లేచినా అటు చివర సరిగ్గా అంతే దిగేది, బొంగు మట్టంగా నిలిచేది. ఒక్క మనిషి కూడా పలక మీంచి జారి నీళ్ళలో పడలేదు. సిగ్గులేనివాడు కాబట్టే తన కళ్ళెదుటికి వస్తున్నాడని తెబాన్ అనుకునేవాడు. పని పనే కాబట్టి భుజం ఇచ్చేవాడు. మొన్న మంగళవారం మధ్యాహ్నం, దీవిలో తన ఇంటి అరుగు మీద వల బాగుచేసుకుంటూ సియానో పక్కకు ఒరిగాడు. మళ్ళీ లేవలేదు.

ఇవాళ తెల్లవారకముందే ఇంట్లో ఆ గొడవే. కూతురు రోవేనా నెలన్నర పసిదాన్ని భుజాన వేసుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది. ఆమె మొగుడు సరుకు ఓడలో ఏ నడిసముద్రంలోనో ఉన్నాడు.

“రేపు పాతిపెడతారు నాన్నా. మనింటినుంచి ఒక్క మనిషి వెళ్ళలేదు. నాకు జ్ఞానతండ్రి ఆయన. గుళ్ళో నన్ను చేతుల్లో పట్టుకుని నిలబడ్డ మనిషి.”

“పట్టుకుంటే?”

“పచ్చిబిడ్డను పెట్టుకుని నేను శవజాగారానికి వెళ్ళలేను. నువ్వెళ్ళాలి.”

“నేను వెళ్ళను.”

“అయితే దీనికి అమ్మ పేరు పెట్టను. దారినపోయే పేరేదో పెట్టుకుంటాను.”

తెబాన్ గంజిగిన్నె కింద పెట్టాడు. ఆ పిల్లకు ఇసింగ్ పేరు పెడతారన్న ఒక్క మాట కోసమే ఈ నెలన్నరా అతను రాత్రిళ్ళు దాని ఏడుపు సహించాడు.

“బిస్కెట్ల పొట్లం తీసుకెళ్ళు,” అంది రోవేనా. “వచ్చేటప్పుడు తిన్నగా ఇంటికి రావద్దు. ఎక్కడైనా ఆగి రా.”

“ఆ మాత్రం నాకు తెలియదా?”

తెలియనివాడెవడు? చావింటినుంచి తిన్నగా సొంతింటికి వస్తే చావు వెంట వస్తుంది. మధ్యలో నలుగురున్న చోట కూర్చోవాలి, ఏదైనా తినాలి, తాగాలి. అది దారి మరిచి అక్కడే ఉండిపోతుంది. జబ్బు మనిషో పసిబిడ్డో ఉన్న ఇంటికి వెళ్ళేటప్పుడు మరీను.

ఒకప్పుడు తెబాన్ కాపురం దీవిలోనే. భార్య ఇసింగ్‌కు ఉబ్బసం. ఒక మధ్యాహ్నం ఆమె పెదాలు నీలమయ్యాయి. పడవ తీసుకురమ్మని తెబాన్ సియానోకు కబురు పంపాడు. ఇసింగ్‌ను ఒళ్ళో పెట్టుకుని ఒడ్డున కూర్చున్నాడు. రావలసిన దానికన్నా అరగంట ఆలస్యంగా వచ్చింది పడవ. జలసంధి సగం దాటారు. ఇలోయిలో దీపస్తంభం తెల్లగా కనబడుతోంది. అప్పుడు తెబాన్ చేతిలో ఇసింగ్ చెయ్యి బరువెక్కింది.

తర్వాత టపామనిషి చెప్పాడు: “నేను కళ్ళారా చూశాను. మీ సియానో ఇక్కడే, దీవిలో, హోర్దాన్ రేవు కాఫీకొట్టు ముందు కూర్చుని కప్పు ఊదుకుంటున్నాడు.”

ఊదుకుంటున్నాడు. ఆ మాట తెబాన్ చెవిలో అట్లాగే ఉండిపోయింది. వెళ్ళి అడిగితే సియానో కాదనలేదు. “అవును, తాగాను,” అన్నాడు. ఇంకేమీ అనలేదు. తెబాన్ అయిదేళ్ళ కూతుర్ని తీసుకుని ఈ ఒడ్డుకు వచ్చేశాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ నీళ్ళు దాటలేదు.

ఇవాళ మధ్యాహ్నం బొంగు ఇంకో కూలీకి అప్పగించి పడవలో దాటాడు. మడతలు విప్పిన తెల్లచొక్కా వేసుకుని, చంకలో బిస్కెట్ల పొట్లంతో పలక ఎక్కాడు.

“పట్టుకో బాబాయ్,” అని పడవలోంచి రోమెల్ నవ్వాడు. “నీ బొంగేగా!”

తెబాన్ పట్టుకోకుండానే నడిచాడు.

సియానో ఇంటిముందు టార్పాలిన్ పందిరి వేశారు. దాని కింద ముసలాళ్ళు పేకాడుతున్నారు. లోపల కొవ్వొత్తుల వాసన, పొగ. శవపేటిక అద్దం కింద సియానో చిన్నగా కనిపించాడు. తలకు నూనె రాసి నున్నగా దువ్వారు. చేతుల్లో జపమాల చుట్టారు గాని వేళ్ళు ముడుచుకోలేదు. అరచేతుల మధ్య బొంగు పట్టేంత ఖాళీ మిగిలింది. తెబాన్ ఆ ఖాళీని చూస్తూ ఉండిపోయాడు.

“వచ్చావా కుంపారే,” అంది సియానో భార్య ఔరింగ్. రోవేనా జ్ఞానస్నానం నాటినుంచి రెండిళ్ళ మధ్య నడిచిన పిలుపు అది. పందొమ్మిదేళ్ళయింది అతణ్ణి ఎవరూ అట్లా పిలిచి. “కూర్చో. కాఫీ…” ఆమె ఆగిపోయింది. “బిస్కెట్టు తిను.”

“నిలబడతాను.”

“ఇన్నేళ్ళూ నిలబడ్డావు. ఇంకాసేపు నిలబడితే అరిగిపోవులే.”

పేకాట దగ్గర ఎవరో గెలిచి బల్ల గుద్దారు. ఆ చప్పుడు తగ్గేదాకా ఆమె ఆగింది.

“ఆ రోజు నీ దగ్గరికి ఎక్కడినుంచి వచ్చాడో తెలుసా?”

“కాఫీకొట్లోంచి.”

“అంతకుముందు? మా వెనకవీధిలో ఆరేళ్ళ పిల్ల పోయింది. ఆ శవజాగారంలో ఉన్నాడు. నీ కబురు అక్కడికే వచ్చింది. అక్కణ్ణుంచి లేచి తిన్నగా, ఊపిరాడని మనిషి దగ్గరికి, చావును వెంటబెట్టుకుని వస్తాడా? నీ ఇసింగ్‌కు ఏమవుతుందోనని ఎంత భయపడిపోయాడో నేను చూశాను.”

తెబాన్ పెట్టెవైపు తిరిగాడు.

“నాకెందుకు చెప్పలేదు?”

“నేనూ అదే అడిగాను. ‘చెబితే ఆ చచ్చిన పసిదాని మీదకు నెట్టినట్టవుతుంది. ఇసింగ్ తిరిగొస్తుందా?’ అన్నాడు. ఆ వారమంతా గంజి తప్ప ఏమీ ముట్టలేదు. నోరంతా పొక్కిపోయింది. ఏమైందయ్యా అంటే చెప్పడు. మొండిఘటం. నీకు తగ్గవాడే.”

“కాఫీ రెండు గుక్కల పని,” అన్నాడు తెబాన్. “అరగంట ఎందుకయింది?”

“అది నాకేం తెలుసు? అక్కడ పడుకున్నాయన్ను అడుగు.”

అతను పొట్లం ఆమె పక్కన పెట్టి బయటికి నడిచాడు. చావింట్లో వచ్చినవాళ్ళను సాగనంపకూడదు. ఆమె కుర్చీలోంచి లేవలేదు, వెళ్ళిరమ్మని అనలేదు.

పడవ నడిజలసంధిలో ఉండగా జేబులో ఫోను మోగింది. ఇంజను మోతలో రోవేనా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది.

“నాన్నా, పిల్ల ఒళ్ళు కాలిపోతోంది! పాలు తాగడం లేదు. ఎక్కడున్నావ్? తొందరగా రా, ఆస్పత్రికి పోవాలి!”

“వస్తున్నా. వచ్చేస్తున్నా.”

పలక పూర్తిగా పడకముందే తెబాన్ రేవు మెట్ల మీదికి దూకాడు. ఇల్లు అయిదు నిమిషాల నడక. పది అడుగులు పరుగెత్తాడు. చొక్కాలోంచి కొవ్వొత్తుల వాసన ముక్కుకు కొట్టింది. ఆగిపోయాడు. కుడికి తిరిగితే ఇల్లు, ఎడమకు తిరిగితే టెరింగ్ కాఫీకొట్టు. ఆలోచించినట్టు కూడా అతనికి తెలియదు. ఎడమకు తిరిగాడు.

“ఏం తెబానన్నా, ఇస్త్రీ చొక్కా! ఎవత్తెనైనా చూసుకున్నావా ఏంటి?” అంది టెరింగ్.

“కాఫీ. తొందరగా.”

“పొయ్యి ఇప్పుడే రాజేశాను. నీళ్ళు కాగొద్దూ?”

“రొట్టెముక్క ఉంటే ఇవ్వు.”

“రొట్టెలు పొద్దున్నే అయిపోయాయి. కూర్చో, పరుగెత్తే వయసా నీది?”

కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. గోడ గడియారంలో ముల్లు కదులుతోంది. నీళ్ళు చప్పుడు చెయ్యడం మొదలుపెట్టడానికే ఒక యుగం పట్టింది. లేచి వెళ్ళిపోవచ్చు. ఏమీ ముట్టకుండా లేచిపోతే వెంట వచ్చింది వెంటే వస్తుంది, తిన్నగా ఆ నెలన్నర పిల్ల ఉయ్యాల దగ్గరికి. కప్పు వచ్చింది. పొగలు కక్కుతోంది. అంచు తాకితే పెదవి చురుక్కుమంది. రెండు చేతులా పట్టుకుని ఊదాడు. మళ్ళీ ఊదాడు. ఇంకోసారి ఊదబోతూ తన ఊపిరి చప్పుడు తనే విన్నాడు.

ఊదడం ఆపి, కప్పు ఎత్తి, మొత్తం గొంతులో పోసుకున్నాడు.

“అయ్యయ్యో! కాగేది కాగినట్టే తాగావేంటయ్యా!” అని టెరింగ్ అరిచింది.

అప్పటికే అతను వీధిలో పరుగెత్తుతున్నాడు. పడవ దిగి ఇరవై అయిదు నిమిషాలయింది.

ఇంట్లో పొరుగింటి మంత్రసాని నడుం మీద చేతులు పెట్టుకుని తిడుతోంది. నేలమీద దుప్పట్లు కుప్పగా పడున్నాయి. రోవేనా కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని మొహం తేటపడి ఉంది. పిల్ల ఒంటిమీద గుడ్డ లేకుండా ఆమె ఒళ్ళో పడుకుని చప్పరిస్తూ పాలు తాగుతోంది.

“నాలుగు దుప్పట్లు చుట్టానట నాన్నా. ఈ ఉక్కలో! ఒళ్ళు కాలక ఏమవుతుంది అని తిట్టి, విప్పి, తడిగుడ్డతో తుడిచింది. పది నిమిషాల్లో చల్లబడింది. చూడు.”

తెబాన్ పిల్ల పాదం ముట్టుకున్నాడు. చల్లగా, చెమ్మగా ఉంది. మోకాళ్ళు వాటంతటవే వంగాయి. ఈసారి లేవలేదు. గోడకు ఆనుకుని నేలమీద కూలబడి, చాలాసేపటికి ఒక్క పెద్ద ఊపిరి వదిలాడు.

“ఇంతసేపయిందేం?” అంది రోవేనా.

“ఆగి వచ్చాను.”

“మంచిపని చేశావు,” అని ఆమె పిల్లవైపు తిరిగింది. “ఇసింగూ, తాతొచ్చాడే. కళ్ళు తెరువు.”

అంతే. ఇంకెవరూ ఏమీ అడగలేదు. కాసేపటికి ఆమె అన్నం వడ్డించబోతే తెబాన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“గంజి ఉంటే పొయ్యి. చల్లార్చి.”

మర్నాడు పొద్దున పదిగంటలకు దీవిలో సియానోను పాతిపెట్టారు. ఆ వేళకు జలసంధిలో ఉన్న పడవలన్నీ ఇంజన్లు ఆపేశాయి. పరోలా రేవులో పలక మీద ఉన్న జనం ఎక్కడివాళ్ళక్కడ నిలిచిపోయారు, బొంగు పట్టుకుని. నీళ్ళు మెట్లను తాకే చప్పుడు తప్ప ఏమీ లేదు. తెబాన్ భుజం మీద ఇరవైమంది చేతులున్నాయి. అయినా బరువనిపించలేదు. రాత్రి అతను ఎన్నాళ్ళకో మొద్దునిద్ర పోయాడు.

ఇంజన్లు మళ్ళీ మొదలయ్యాయి. జనం దిగిపోయారు. రోమెల్ తన చివరను పడవ అంచుకు ఆనించి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఇప్పుడైనా చెప్పు బాబాయ్. అసలు మీ ఇద్దరికీ ఏంటి గొడవ?”

తెబాన్ కాలిన నాలుకను పళ్ళ వెనక ఒకసారి తిప్పాడు.

“ఆ మాట నా దగ్గర ఎత్తకు. ఇవాళే కాదు, ఎప్పుడూ. ఎవరడిగినా నేను చెప్పను. చచ్చేదాకా చెప్పను.”

“సరే, సరే. కోపమెందుకు?”

“నువ్వు బొంగు కాస్త ఇవతలగా పట్టుకో.”

రోమెల్ చేతులు జానెడు జరిపాడు. ఆ చివర, సియానో పట్టుకునే చోట, రెండు అరచేతుల మేర, వెదురు నల్లగా నున్నబడి ఎండకు మెరుస్తోంది.