రెండు వందల చింతపిక్కలు

స్వర్ణముఖి పొంగి ఊళ్లు ముంచిన వరదకు అది మూడో ఏడు. తిరుచానూరు అవతల, వరదలో ఇండ్లు పోయిన పేదలకు సర్కారు కట్టిన రెండు వందల ఇండ్ల కాలనీలో, చిన్న వానకే గ్రేసీ ఇంటి గోడ కూలింది. పూలు కట్టుకుంటూ కూర్చున్న ఆమె కాలు విరిగింది. పక్కింటి రాజారత్నం ఇటుకలు తీసి ఆమెను లాగాడు. వేళ్ల మధ్య ఇటుకల నడిమి సిమెంటు మాలు ఇసకలా రాలితే, పంచెకు తుడుచుకున్నాడు. ఎవరూ చూడలేదు.

గ్రేసీకి పుత్తూరు కట్టు కట్టించి తెచ్చిన మరునాడు హౌసింగ్ ఇంజనీరు రఘునాథ్ వచ్చి కాగితం చదివాడు. రెండు వందల్లో చెడినవి పదేనట, మరమ్మతు ఆ పదింటికేనట. జనం అతన్ని నెర్రెలిచ్చిన గోడల వెంట తిప్పారు. ఎంచి ఎంచి పగిలినవే చూపిస్తే ఎట్లా అని అతను నవ్వాడు.

ఆ మాట నిజమేనంది కాలనీలో డిగ్రీ చదివే కోమలి. అందరూ ఆమె మీదికి లేచారు.

"ఎవురి పక్క మాట్లాడతా ఉండావు మే?" అంది గ్రేసీ.

"మనం ఎంచగూడదక్కా. చీటీ ఎంచాల."

ఇండ్ల నెంబర్లు చీటీల మీద రాసి, కుండలో కలిపి, ఇంజనీరు ఎదుటే ఇరవై తీశారు. పదకొండోది రాజారత్నానిది. అవసరమైతే తప్ప నోరు విప్పని ముసలి మేస్త్రీ. కాలనీలో సగం గోడలు ఆయన చేతివే. ఆయన ఇంట్లో ఒక్క నెర్రె లేదు. పగిలిందని రాయించు తాతా, మనకే మేలు అని చెవిలో ఊదారు.

"బాగుండాది. రాయి," అన్నాడాయన.

నీ ఇల్లు నెర్రె లేకుండా యెట్ల నిలిచింది మామా అని గ్రేసీ అడిగింది. ఆయన తరువాతి ఇంటి వైపు నడిచాడు.

ఇరవైలో తొమ్మిది పగిలినవి తేలాయి. అది మీ చీటీల ఖర్మ అన్నాడు ఇంజనీరు.

"గోడ పడితే నా ఖర్మ, చీటీ పడితే మా ఖర్మ. మీ సిమెంటుకు ఖర్మ లేదా సార్?" అంది గ్రేసీ. అతను జీపెక్కి వెళ్లిపోయాడు.

కోమలి రెండు వందల చింతపిక్కలు తెప్పించి, పదింటికి సున్నం పూసి కుండలో పోసింది. ఆయన చెప్పిన పదే నిజమనుకుందాం, కండ్లు మూసుకుని ఇరవై తీస్తే తొమ్మిది తెల్లవి వస్తాయేమో చూద్దాం అంది. తీసినవి మళ్లీ పోసి కలుపుతూ నూరు మంది తీశారు. తెల్లవి ఒకటి, సున్న, రెండు, ఒకటి. ఒక్కరికి నాలుగు వచ్చాయి. తొమ్మిది ఎవరికీ రాలేదు.

ఆ కుండతో కాలనీ అంతా ఇంజనీరు ఆఫీసుకు వెళ్లింది.

"మీరు తీయండి సార్. ఖర్మో అబద్ధమో తేలిపోతాది," అంది కోమలి.

ఇంజనీరు చేయి పెట్టలేదు. అతను పిలిపించిన పోలీసులు వచ్చి కుండను తన్ని, కోమలిని తీసుకుపోయారు.

రాజారత్నం వంగి పిక్కలు ఏరి కుండలో వేస్తూ, తలెత్తకుండా అన్నాడు: "బస్తా సిమెంటుకు పద్నాలుగు తట్టల ఇసక కలపమన్నాడు కాంట్రాక్టరు. కలిపినాను. నా ఇంటికి మాత్రం ఆరే కలుపుకున్నాను."

ఆటోలో కట్టుకాలు చాపుకున్న గ్రేసీ అంది: "ఈ మాట ఈడ గాదు మామా. ఆడ, స్టేషన్లో చెప్పు."

మరునాడు పొద్దున్నే ఆయన తన గోడ నుంచి ఒక మాలు పెళ్ల, గ్రేసీ గోడ నుంచి ఒక పెళ్ల తాపీతో పెళ్లగించుకుని స్టేషనుకు నడిచాడు. కాలనీ అంతా ఆయన వెంట నడిచింది. రెండింటినీ బల్ల మీద పెట్టి, గ్రేసీ గోడ పెళ్లను వేళ్లతో నలిపాడు. ఇసకై రాలింది. ఈసారి చేయి తుడుచుకోలేదు.

"రాసుకో అబ్బా. దీన్ని కలిపినోణ్ని నేను. కలపమన్నోడి పేరు గూడా చెప్తాను."

బయట జనం కుండలో చేతులు పెట్టి, వచ్చిన లెక్క పైకి చదువుతున్నారు. ఒకటి. సున్న. రెండు.